ముందు సీటు

బండి అద్దాలు తుడవడం ఆరిఫా పని. సౌదీ కొండల మీది తాయిఫ్‌లో చలికాలం తెల్లారేసరికి అద్దాల నిండా చెమ్మ పట్టేస్తుంది. ఫ్లాస్కులో టీ పోసి, దారికి చపాతీలు చుట్టి, ఖర్జూరాల పెట్టె డిక్కీలో సర్ది, పాత తువ్వాలు ముక్కతో నాలుగు వైపులా తుడిచేది. భర్త ఖలందర్ ఆఖరున వచ్చి, ఆమె తుడిచిన అద్దంలోంచి చూస్తూ తోలేవాడు. ఇవాళ అతని కుడిచెయ్యి పిండికట్టులో ఉంది. గోదాములో జారిపడ్డాడు. అతని తల్లి రోషన్ బీ మక్కాలో ఉమ్రా యాత్ర ముగించుకుని కడపకు తిరిగిపోవాలి. మధ్యాహ్నం జెడ్డాలో విమానం. తోలాల్సింది ఆరిఫానే.

"ట్రైలర్లు తోలేవాణ్ని పెండ్లాం పక్కన కూసోబెట్టినాడు దేవుడు" అంటూ ఎక్కాడు ఖలందర్.

ఆరిఫా లైసెన్సు తెచ్చుకున్నప్పుడు అతను మిఠాయి పంచాడు. ఆ మరుసటి వారం నుంచి పిల్లల బడి, కూరగాయల మార్కెట్టు, గ్యాసు బండ, ఎవరికి జ్వరమొచ్చినా ఆస్పత్రి, అన్నీ ఆమె ట్రిప్పులే అయ్యాయి. అలసిపోయానంటే "ముచ్చటపడి నేర్చుకుంటివి కదా" అనేవాడు. ఊరి పొలిమేర దాటితే మాత్రం స్టీరింగు అతనిది. ఊళ్లో తిరగడం పనీ, పెద్ద రోడ్డు మీద పోవడం డ్రైవింగూ అని ఎవరు విడదీశారో ఆమెకు ఎప్పుడూ అర్థం కాలేదు. పొద్దున కూడా, మంచు ఎక్కువగా ఉంది, సైల్ ఊరి మీదుగా చుట్టుదారిలో పోదాం అంది. "ఆ దారిలో భయపడేటోళ్లు పోతారు. హదా ఘాట్ రోడ్డు దిగితే గంట మిగుల్తాది" అన్నాడు. గొడవెందుకని తలూపింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె బాగా నేర్చుకున్న విద్య తలూపడమే.

ఘాట్ మొదటి మలుపు తిరిగేసరికి రోడ్డు కనిపించడం మానేసింది. లోయలోంచి పొగమంచు లేచి అద్దానికి తెల్లగా అడ్డం నిలిచింది.

"లాంగ్ లైటెయ్యి" అన్నాడు ఖలందర్.

వేసి చూసింది. వెలుతురంతా మంచుకు తగిలి మళ్లీ కళ్లలోనే పడింది. దించేసి, పొగమంచు లైట్లు వెలిగించి, వేగం తగ్గించింది.

"నత్త మాదిరి పోతే విమానం నీకోసం నిలబడ్తాదా?" అంటూ ఎడంచెయ్యి చాచి మధ్యలో ఉన్న ఎర్ర బొత్తాం నొక్కాడు. నాలుగు ఇండికేటర్లూ టిక్కుటిక్కుమన్నాయి. ఆరిఫా ఆపేసింది. అతను మళ్లీ నొక్కాడు.

"అది ఆగిన బండికి. పోయే బండ్లన్నీ మినుకుతాంటే ఆగింది ఏదో ఎట్ల తెలుస్తాది? డ్రైవింగు బడిలో అదే చెప్పినారు."

"బడి! ముందర చూడు, అందరూ ఏసుకోలా? వాళ్లకు తెల్వంది నీకు తెల్సా? అమ్మా, వింటివా నీ కోడలు మాటలు?"

వెనక సీట్లో రోషన్ బీ తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చుంది. ఆరిఫా మళ్లీ ఆపేసింది.

ముందర మంచులో రెండు ఎర్రటి చుక్కలు మినుకుమన్నాయి.

"దాని ఎనకాలే పో. దారి అదే చూపిస్తాది. దగ్గరికి పో, పోగొట్టుకుంటావు!"

ఆరిఫా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది. చుక్కలు పెద్దవవుతున్నాయి. బండి నెమ్మదిస్తున్నా అవి ఇంకా పెద్దవవుతున్నాయి. పోయే బండయితే అంత తొందరగా దగ్గరవదు. బ్రేకును మెల్లగా, ఆపకుండా నొక్కింది. తడి రోడ్డు మీద టైర్లు కాస్త జారి పట్టుకున్నాయి. గొర్రెల పికప్పు ఒకటి నడిరోడ్డు మీద నిలబడి ఉంది. దాని వెనక తలుపుకీ తమ బానెట్‌కీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు. ఆ చోటులో గొర్రెతోలు కోటు కప్పుకున్న ముసలాయన రెండు చేతులూ ఎత్తి నిలుచున్నాడు.

గొర్రెలు అరుస్తున్నాయి. వెనక నుంచి ఏ బండైనా వస్తోందేమోనని ఆరిఫా కిటికీ దించి చెవిపెట్టింది. చప్పుడేమీ లేదు. ముసలాయనకు పక్కకు రమ్మని సైగ చేసి, పికప్పును చుట్టి, పిట్టగోడ వెంబడి పాకుతున్నట్టు పోయి, జనం లోయ చూడ్డానికి ఆపుకునే ఖాళీ జాగాలోకి దింపింది. గోడ మీద కోతులు ఒకదాన్నొకటి కరుచుకుని వణుకుతున్నాయి. ఇంజను ఆపింది. అప్పుడు తనే ఎర్ర బొత్తాం నొక్కింది.

ఖలందర్ గట్టిగా ఊపిరి వదిలాడు. పిండికట్టు ఒళ్లో సర్దుకున్నాడు.

"చూసినావా" అన్నాడు. "నేను పక్కన ఉండబట్టి సరిపాయ."

ఆరిఫా అతని వైపు తిరిగింది. వంట బాగుంటే అతను తెచ్చిన మాంసం మంచిది, పిల్లలకు మార్కులొస్తే అతని రక్తం. ఇప్పుడు ముగ్గురి ప్రాణాలు కూడా అతని ఖాతాలోకి పోయాయి. కోపం వస్తుందనుకుంది. రాలేదు. మంచులో రోడ్డు ఎంతవరకు కనిపిస్తే అంతవరకే చూసినట్టు, చెయ్యాల్సింది ఒక్కటే కనిపించింది.

"నువ్వు ఎనక కూసో" అంది.

"ఏందీ?"

"నీ చెయ్యి బొత్తాం మీదికొస్తాంటే నేను తోల్లేను. ఎనక కూసో. మంచు పల్చబడేదాకా బండి కదల్దు."

"విమానం పోతే?"

వెనక తలుపు తెరుచుకుంది. రోషన్ బీ మోకాళ్లు పట్టుకుంటూ దిగి, శాలువా కప్పుకుని, కొడుకు కిటికీ దగ్గరికొచ్చి నిలబడింది.

"పోతే పోనీలేరా. దిగు. పుట్టింది మొదలు నేను ముందర సీట్లో కూసోలా."

ఖలందర్ ఇద్దరి మొహాలూ చూశాడు. దిగాడు.

అతను వెనక సర్దుకున్నాక ఆరిఫా తువ్వాలు ముక్క తీసి, భుజం మీదుగా అతని ఎడంచేతికి అందించింది.

"ఎనకద్దం తుడువు" అంది. "నాకు కనపడాల."