కారు కింద పెళ్లికొడుకు

కారుకు నూనె మార్పించాలన్న మాట డ్రైవరు బుచ్చయ్య నోట ఏ ఘడియలో వచ్చిందో గానీ, జలాలుద్దీన్ గారింట్లో అప్పటినుంచి ఎవరూ స్థిమితంగా అన్నం తిన్న పాపాన పోలేదు. ఆయన పత్తర్‌గట్టిలో జరీ దుకాణం నడిపే పెద్దమనిషి. ఎవరో జాగీర్దారు వదిలించుకుంటున్న పాత కారును ముచ్చటపడి కొన్నాడు. ఆకుపచ్చ రంగు, కిటికీలకు ఆడవాళ్ల ఘోషా కోసం మందపాటి పరదాలు. పడుకోబోయే ముందు వాకిట్లోకి వెళ్లి దాన్నోసారి తడిమి రానిదే ఆయనకు కునుకు పట్టదు. అలాంటి కారు కడుపులోని నూనె తీసి కొత్తది పోయాలంటే, అదేమన్నా ఆషామాషీ వ్యవహారమా? ఎవరి చేతిలో పెట్టాలి? కనపడ్డవాడినల్లా అడిగాడు. దుకాణంలో గుమాస్తాలను అడిగాడు, మసీదులో పక్కన కూర్చున్నవాళ్లను అడిగాడు, ఆఖరికి పాలు పోసే బాలమ్మను కూడా అడిగాడు. ఆమెకేం తెలుసు పాపం, తన బర్రెల సంగతి చెప్పి వెళ్లిపోయింది.

ఈ తతంగమంతా లోపలి గది తెర వెనక నిలబడి అజ్మతున్నీసా వింటూనే ఉంది. ఆయనకు ఒక్కగానొక్క కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే, ఫుప్పూ అని పిలుచుకునే మేనత్త ఖైసర్ బేగం పెంచింది. కారు సంగతి ఆమెకెందుకూ అంటారా? ఉంది, కారణం ఉంది. శాలిబండలో మోటారు కార్ఖానా పెట్టుకున్న అబ్దుల్ వాహెద్ అనే కుర్రవాడి ఇంటినుంచి ఆమెకు సంబంధం వచ్చింది. శుక్రవారం జుమ్మా నమాజు కాగానే అవునో కాదో చెబుతానని తండ్రి మాటిచ్చేశాడు. అవుననే చెబుతాడని ఇంటి పిల్లికి కూడా తెలుసు.

కుర్రవాడు ఎలా ఉంటాడని ఫుప్పూను అడిగితే, మంచోళ్ల పిల్లగాడట అంది. పొడుగా, పొట్టా, నవ్వుతాడా, చిటపటలాడతాడా అంటే, మంచోళ్ల పిల్లగాడట అని మళ్లీ అదే పాట. అజ్మతుకు ఒళ్లు మండిపోయింది. వంకాయ కొనేటప్పుడు ఇదే ఫుప్పూ తిప్పి తిప్పి, గిల్లి గిల్లి చూస్తుంది గదా. జన్మంతా కలిసి బతకాల్సిన మనిషిని ఒక్కసారి, ఒకే ఒక్కసారి కళ్లారా చూడకుండా ఎలా? జుమ్మా లోపల చూసి తీరాలి. నచ్చకపోతే ఎలాగోలా ఏడ్చి మొత్తుకుని తప్పించుకోవాలి. అలా కుమిలిపోతున్న పిల్ల చెవిన నూనె మాట పడింది. పడగానే ఆమె మొహంలో దీపం వెలిగింది.

ఊళ్లో కారు నూనె మార్చే చోట్లు జలాలుద్దీన్ దృష్టిలో మూడే. నయాపూల్ దగ్గర ఎల్లప్ప కొట్టం ఒకటి. అతను మొన్నమొన్నటిదాకా జట్కాబండ్లు బాగుచేసి, ఈమధ్యే మోటార్లమీద పడ్డాడు. రెండోది మూసీ దాటి అవతలెక్కడో ఉన్న కంపెనీవాళ్ల పెద్ద షెడ్డు. మూడోది శాలిబండ. దాని పేరెత్తగానే ఆయన చెంపలు వేసుకున్నాడు. సంబంధం మాట్లాడుతున్న ఇంటికి కారు తోలితే, పిల్లనివ్వక ముందే చాకిరీ చేయించుకుంటున్నారని లోకం నవ్వదా అన్నాడు. ఖైసర్ బేగం అయితే అసలు నూనె మార్చడం దేనికంది. మామిడికాయ తొక్కులో నూనె మారుస్తామా, ఊరినకొద్దీ రుచి గదా అని ఆమె వాదన. బుచ్చయ్య నెత్తి కొట్టుకున్నాడు. నూనె కాటుకలా అయింది, ఎక్కడైనా సరే తొందరగా మార్పించండి మహాప్రభో అన్నాడు.

అజ్మతు కొంగు బిగించింది. శాలిబండ పేరు తన నోట రాకూడదు, కారు మాత్రం శాలిబండకే పోవాలి. ముందు ఎల్లప్ప సంగతి చూసింది. అతను కారును చూసి మంచి గుర్రం అన్నాడని బుచ్చయ్య ఎప్పుడో నవ్వుతూ చెప్పాడు. దానికి ఆమె కాస్త ఉప్పూ కారం చేర్చి, ముసలి గుర్రం అన్నాడట అని తండ్రి చెవిన పడేలా ఫుప్పూతో అంది. జలాలుద్దీన్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ పూటతో ఎల్లప్ప పేరు ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. కంపెనీ షెడ్డులో రాత్రికి కారు అక్కడే వదిలి రావాలట గదా అని మర్నాడు అమాయకంగా అడిగింది. అది నిజమే. కారును పరాయిచోట పడుకోబెట్టి తాను ఇంట్లో పడుకోవడం ఊహించుకునేసరికి పెద్దాయనకు ముచ్చెమటలు పోశాయి.

ఇక మిగిలింది మేనత్త వంతు. పదిసార్లు బతిమాలి, గడ్డం పట్టుకుని, తమలపాకులు చుట్టిచ్చి ఆమెకు మాట నేర్పించింది అజ్మతు. ఆ ఇంట్లో దక్కనీ ఉర్దూ, తెలుగూ ఒకే కుండలో ఉడికేవి. నోటికి ఏది ముందొస్తే అదే మాట. ఖైసర్ బేగం అన్నగారికి పాన్ అందిస్తూ, ఏదో తోచక అన్నట్టు అంది:

“కారు మీద చెయ్యి ఎట్ల వేస్తడో చూస్తే, పిల్లను ఎట్ల చూసుకుంటడో ఎరుకైతది కద, భాయ్‌జాన్.”

జలాలుద్దీన్ పాన్‌తోపాటు ఆ మాటనూ నమిలాడు. పొద్దున లేచి, ఎవరికీ తట్టని ఆలోచన తనకే తట్టినట్టు మీసం దువ్వుకుంటూ ప్రకటించాడు. కారు శాలిబండకే పోతుందట. కానీ ఇది పరీక్షట. కుర్రవాడి చెయ్యి ఎలా ఆడుతుందో బుచ్చయ్య పక్కనే నిలబడి చూసి, ఉన్నదున్నట్టు వచ్చి చెప్పాలట. తెర వెనక అజ్మతు నోట్లో ఓణీ కుక్కుకుని గుండ్రంగా తిరిగింది.

శాలిబండ దారిలోనే మొగల్‌పురాలో చుట్టాలున్నారు. మమ్మల్ని అక్కడ దించి పోనీ అని ఖైసర్ బేగం కారెక్కి కూర్చుంది. పక్కన బురఖాలో అజ్మతు. పరదాలు దించారు. కారు పత్తర్‌గట్టి కమానుల కిందినుంచి చార్మినారు వైపు తిరిగిందో లేదో, మొగల్‌పురాలో ఆపనక్కర్లేదని బుచ్చయ్యకు చల్లగా చెప్పారు. అతని పైప్రాణాలు పైనే పోయాయి. తన నౌకరీ ఊడుతుందని మొత్తుకున్నాడు. పరదాలున్నాయి గదా, కారులో ఎవరూ లేరనుకోమంది ఖైసర్ బేగం. ఎవరూ లేని కారులోంచి ఒకటే కిలకిలలు. ఎదురొచ్చిన మేక అరిస్తే నవ్వు, కారు గతుకులో పడితే నవ్వు, నవ్వొద్దని ఫుప్పూ కసిరితే మరీ నవ్వు. పరదా సందులోంచి గాజుల దుకాణాలు తళుక్కుమని జారిపోతుంటే, ఇంత సంతోషం తన ఒంట్లో పడుతుందా అనిపించింది అజ్మతుకు.

కార్ఖానా వచ్చింది. ఆమె పరదాను వేలెడంత జరిపి, ఊపిరి బిగపట్టి, కన్ను ఆనించి చూసింది. రేకుల షెడ్డు కనపడింది. మధ్యలో గుంత కనపడింది. అడుగునుంచి నూనె తీయడానికి మనిషి దిగి నిలబడే గుంత అది. మనిషి మాత్రం కనపడలేదు. గుంతలోంచి ఒక చెయ్యి పైకి లేచి, రమ్మన్నట్టు ఊగింది. సీదా రానియ్యి అన్నా, రానియ్యి అని ఒక గొంతు. బుచ్చయ్య దేవుడికి దండం పెట్టుకుని కారును తిన్నగా ఆ గుంతమీదికి తోలాడు.

ఇంకేముంది. చూడాలని ఇంత పన్నాగం పన్ని, ఇంత దూరం వస్తే, పెళ్లికొడుకు సరిగ్గా ఆమె పాదాల కింద ఉన్నాడు. మధ్యన కారు అడుగు చెక్క పలకలు. ఫుప్పూ మేనకోడలి మొహం చూసింది, మేనకోడలు ఫుప్పూ మొహం చూసింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు కొరుక్కోవడం తప్ప ఏమీ చేయలేకపోయారు.

కింద బిరడా విప్పే పానా చప్పుడవుతోంది. ఇది జలాలుద్దీన్ సాబు కారే గదా అని ఆ గొంతు అడిగింది. బుచ్చయ్య అవుననీ కాదనీ అనకుండా దగ్గాడు. కాసేపు పానా చప్పుడే. తర్వాత అదీ ఆగింది.

“అన్నా, ఒక మాట అడుగుత. ఈ సంబంధం సంగతి ఆ పిల్లను ఎవరన్న అడిగిండ్రా?”

బుచ్చయ్య తనకేం ఎరుక అన్నాడు.

“పిల్లకు ఇష్టమేనట అని మా అమ్మీ అంటది. మా అక్క పెండ్లప్పుడు గూడ గిట్లనే అన్నరు. ఎవ్వరూ అడగలే. ఆమె మస్తు ఏడ్చింది, నేను చూసిన. ఆ పిల్లకు ఇష్టం లేకుంటే నాకు చెప్పన్నా. వద్దన్న మాట నేనే అంట. తిట్లు నేను తింట. ఆమె మీదికి మాట రానియ్య.”

అజ్మతు నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లుగా ఎవరైనా ఆ ఒక్క మాట అడుగుతారా అని చూసింది. అడిగినవాడు గుంతలో ఉన్నాడు. ఆ క్షణాన ఆమెకు ఆ మనిషి నచ్చాడు. మొహం చూడనేలేదు, అయినా నచ్చేశాడు, అంతే.

బుచ్చయ్యకు మాత్రం నోరు పెగల్లేదు. పరదా వైపు చూస్తాడు, గుంత వైపు చూస్తాడు, తువ్వాలతో మెడ తుడుచుకుంటాడు. ఆ మౌనం కిందివాడికి మరోలా అర్థమైంది.

“సమజైంది అన్నా. ఇష్టం లేదు. నువ్వేం ఫికర్ చెయ్యకు. ఇయ్యాల్నే అమ్మీకి చెప్పేస్త.”

అజ్మతు పలకల వైపు చూసింది. నోరు తెరిస్తే, పరాయి మగవాడితో మాట్లాడిన పిల్ల అని గల్లీ గల్లీ పాకుతుంది. తెరవకపోతే ఇంకాసేపట్లో అంతా అయిపోతుంది. ఫుప్పూ ఆమె ఆలోచన పసిగట్టి నోరు మూయబోయింది. ఆ చేతిని తప్పించుకుని అజ్మతు పలకల మీదికి వంగింది.

“ఇంతవరకు ఎవ్వరూ అడగలే. ఇప్పుడు మీరే అడిగిండ్రు. వద్దని నేననలే.”

ఠంగుమని ఏదో పడింది. నూనె బిరడా అది. దాని వెనకే బుడబుడమంటూ పాత నూనె అంతా ఒక్కసారిగా దిగింది. యా అల్లా అని కేక, దగ్గు, తుమ్ము, మెట్లమీద జారుతున్న చప్పుడు. గుంతలోంచి ఒక ఆకారం పైకొచ్చింది. అజ్మతు కన్ను పరదా సందులోనే ఉంది. ఇప్పుడైనా చూద్దామంటే ఏముంది చూడటానికి? టోపీనుంచి గడ్డందాకా నల్లగా నిగనిగలాడుతున్నాడు. ముక్కు కోటేరో చప్పిడో తెలియదు, ఒళ్లు తెలుపో చామనో తెలియదు. మిటకరిస్తున్న రెండు కళ్లు, వాటికింద తెల్లటి పండ్లు. ఎందుకంటే అతను నవ్వుతున్నాడు. అంతలో లోపల ఆడవాళ్లున్నారని తెలివొచ్చి గిరుక్కున గోడవైపు తిరిగి, తల వంచుకుని నిలబడ్డాడు. అలా నిలబడే భుజాలు ఎగిరేలా నవ్వుతున్నాడు. ఖైసర్ బేగం ఇక ఆగలేకపోయింది. ఆమెది నిండైన విగ్రహం. ఆమె నవ్వుకు కారు కూడా ఊగింది.

అతను వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గుంతలోకి దిగి, తడుముకుని బిరడా బిగించాడు. పైనుంచి కొత్త నూనె బుచ్చయ్యే గబగబా పోసేసి, బతుకుజీవుడా అని కారు తీశాడు.

పొద్దు వాలకముందే ఇల్లు చేరారు. జలాలుద్దీన్ వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు. కారు చుట్టూ తిరిగి చూసుకుని, ఆడవాళ్లు లోపలికి వెళ్లాక, కుర్రవాడి చెయ్యి ఎలా ఉందని అడిగాడు. ఆడవాళ్ల ఊసెత్తకుండా బుచ్చయ్య ఉన్నదే చెప్పాడు. కొత్త నూనె కారులో బాగానే పడిందట. పాత నూనె మాత్రం కుర్రవాడి మీద పడిందట. ఎంత పడిందంటే, మొత్తం అన్నాడు.

పెద్దాయన మొహం మాడిపోయింది. వచ్చి తఖ్తు మీద కూలబడ్డాడు. చెల్లెల్ని పిలిచాడు.

“చేతిల పట్టు లేనోనికి పిల్లనెట్ల ఇస్త? జుమ్మా నాడు వద్దని చెప్పేస్త.”

బుచ్చయ్య నేల చూపులు చూస్తున్నాడు. తెర వెనక అజ్మతు అంతా వింది. అతను తిట్లు తను తింటానన్నాడు. ఇప్పుడు తప్పు లేకుండానే తింటున్నాడు, నేను దాక్కుని వింటున్నాను అనుకుంది. తెర తోసుకుని బయటికొచ్చింది.

“ఆయన చెయ్యి ఊరికె జారలే అబ్బాజాన్. నేను మాట్లాడిన. గందుకే జారింది.”

జలాలుద్దీన్‌కు ఒక పట్టాన అర్థం కాలేదు. ఆమె ఏదీ దాచలేదు. మొగల్‌పురాలో దిగకపోవడం, గుంత మీద కూర్చోవడం, పలకల మీదికి వంగి బదులు చెప్పడం, అన్నీ చెప్పేసింది. వింటున్నకొద్దీ ఆయన మొహం జేవురించింది. బుచ్చయ్య మీద అరవబోయాడు, చెల్లెలి మీద చెయ్యెత్తాడు. అప్పుడు అజ్మతు, అతను కిందినుంచి అడిగిన మాట, అడిగింది అడిగినట్టు చెప్పింది. ఎత్తిన చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. పాలు పోసే మనిషి దాకా అందరినీ అడిగిన మనిషి, కూతురి వైపు అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు.

“నేను గూడ అడగలే కద, బేటీ,” అన్నాడు చివరికి. “ఇప్పుడు అడుగుతున్న. నీకు ఇష్టమేనా?”

అజ్మతుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఓణీ కొసతో ముక్కు తుడుచుకుంది.

“ముఖం కడుక్కుంటే ఎట్లుంటడో నాకు తెల్వదు అబ్బాజాన్,” అంది. “కానీ ఇష్టమే.”