మునగాలలో పోసిన ఆయిలు

దామోదర్ తన కారును అమ్మకానికి పెట్టిన సంగతి మిర్యాలగూడలో లారీ అడ్డా నుంచి రైసు మిల్లుల దాకా అందరికీ తెలుసు. కొనడానికి ఎవరూ రాకపోవడానికి కారణం కూడా అందరికీ తెలుసు. అది వంకాయ రంగు జపాన్ కారు. నేలకు జానెడెత్తున ఉంటుంది. ఇద్దరు మాత్రమే, అదీ కాళ్ళు చాపుకొని, పడుకున్నట్టుగా కూర్చోగలరు. బొంబాయిలో కస్టమ్స్ వారు వేలం వేస్తే దామోదర్ పాట పాడి తెచ్చుకున్నాడు. స్విచ్చి నొక్కగానే ముందు దీపాలు కనురెప్పలు విప్పినట్టు బానెట్‌లోంచి పైకి లేచేవి. మొదటి ఏడాది ఆ దీపాలు లేవడం చూడటానికే జనం మూగేవారు. 1994 వచ్చేసరికి ఆ ముచ్చట తీరిపోయింది. దామోదర్‌కు మండలాధ్యక్షుడు కావాలన్న కోరిక పుట్టింది. నాయకుడి బండికి జనం వేలాడుతూ కనిపించాలి. ఇద్దరికే చోటున్న కారులో తిరిగేవాడికి వెనక ఎవరూ లేరనే లెక్క. అందుకని అతనికి జీపు కావలసి వచ్చింది. జీపు వాకిట్లోకి రావాలంటే కారు పోవలసి వచ్చింది.

కారు పోకపోవడానికి అందరికీ తెలిసిన ఆ కారణం, అది ఆయిలు తాగుతుందన్న అనుమానం. ఆ అనుమానానికి దామోదర్ దగ్గర ఒక జవాబు ఉంది. ఆ జవాబు పేరు మోతీలాల్.

మునగాల పక్క తండాకు చెందిన మోతీలాల్ ఆ కారు వచ్చిన నాటి నుంచీ దాని డ్రైవరు. ఇంజనాయిలు అయిపోయిందని అతను తరచుగా వచ్చి అడిగేవాడు. లారీల కంటే ఎక్కువగా అడుగుతున్నాడని దామోదర్‌కు తోచింది. బండ్లు బాగుచేసే మేస్త్రీని పిలిపించాడు. మిర్యాలగూడ లారీలను ఎరిగిన ఊరు. ఆ ఊరి తర్కంలో ఇంజన్‌లోంచి ఆయిలు పోవడానికి మూడే దారులు. కారితే కింద మరక పడుతుంది. కాలితే వెనక నీలిపొగ వస్తుంది. ఈ రెండూ లేకుండా తగ్గితే డ్రైవరు అమ్ముకున్నాడన్న మాట. మేస్త్రీ కారు కింద తెల్లకాగితాలు పరిచి చూశాడు; మరక పడలేదు. వెనక నిలబడి యాక్సిలరేటరు తొక్కించి చూశాడు. ముసలి లారీకి వచ్చే పొగ రాలేదు. ఇక మిగిలింది మూడో దారి. మోతీలాల్ లంబాడీ కావడం వల్ల దాన్ని పరీక్షించి చూడవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

లారీ అడ్డా ముందరి చాయ్ హోటల్లో, ఓనర్లూ డ్రైవర్లూ నిండుగా ఉన్న పొద్దుటి పూట, దామోదర్ అతన్ని నిలబెట్టి తాళాలు తీసుకున్నాడు.

“ఆయిలు తాగేది నా కారు కాదుర. మీ తండా.”

నవ్వనివారు లేరు. ఆ నవ్వు తర్వాత ఆ ఊళ్ళో మోతీలాల్ చేతికి ఎవరూ స్టీరింగు ఇవ్వలేదు. రైసు మిల్లులో బస్తాలు మోయడానికి కుదిరాడు. అతని తండాలో ఒక కట్టు ఉంది: నింద ఏ చోట పడితే ఆ చోటనే, ఏ మనుషులు విన్నారో వాళ్ళ ముందే, వేసినవాడు దాన్ని వెనక్కు తీసుకోవాలి. అంతవరకు అది మనిషి మీదనే ఉంటుంది. తండా పెద్ద నాయక్ ముందు పదిమందీ కూర్చున్నప్పుడు మోతీలాల్ మాట్లాడబోతే, ముందు నీ మీద పడ్డ మాట తెంపుకొని రా అనేవారు. అతని భార్య భూలి దొంగిలించావా అని ఏనాడూ అడగలేదు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పటేలు చేత అనిపించావా అని మాత్రం అడిగేది. అతను దామోదర్ ఇంటి గేటు దాకా పోయి తిరిగి వచ్చేవాడు.

అసలు సంగతి దామోదర్‌కు వాడపల్లి దగ్గర తెలిసింది. అక్కడి ఒక సిమెంటు ఫ్యాక్టరీకి అతని లారీలు సున్నపురాయి తోలేవి. కొత్త యంత్రాలు బిగించడానికి జపాన్ నుంచి వచ్చిన ఇంజనీరొకడు గేటు ముందు ఆగిన కారును చూసి, దూరమైన చుట్టాన్ని చూసినట్టు పరుగెత్తుకొచ్చాడు. ఫ్యాక్టరీ ఇంజనీరు అతని మాటలను తెలుగులో చెప్పాడు. ఈ కారులో పైకీ కిందికీ ఆడే పిస్టన్లు ఉండవట. కోడిగుడ్డు ఆకారపు గదిలో మూడు మూలల ముక్క ఒకటి గిర్రున తిరుగుతుందట. దాని మూలలు అరిగిపోకుండా ఇంజనే పొగ కనబడనంత కొంచెం కొంచెంగా ఆయిలు లోపలికి తీసుకొని పెట్రోలుతో పాటు కాల్చేస్తుందట. వేగం పెరిగితే ఇంకా ఎక్కువ తీసుకుంటుందట. పెట్రోలు పోసినప్పుడల్లా ఆయిలు చూసి పోయాలి. తగ్గడం దాని జబ్బు కాదు, దాని పద్ధతి. పొయ్యకపోతే మాత్రం ఇంజను పట్టేస్తుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర దామోదర్ ఇదంతా వింతగా చెప్పుకొచ్చాడు. అతని భార్య సువర్ణ వడ్డిస్తున్న చేయి ఆపింది.

“అయితె ఆ పిలగాడు తియ్యలేదన్నట్టే గద. పిలిచి ఒక్క మాట చెప్పరాదుండ్రి.”

“చెప్తె కారు ఎవడు కొంటడు? డ్రైవర్ దొంగ అంటె ఇంకో డ్రైవర్ను పెట్టుకుంటరు. బండే తాగుతదంటె ఇగ ఇనుపసామాన్ల కింద అమ్ముకోవుడే.”

సువర్ణ మజ్జిగ పోసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజం దామోదర్‌కు అంతకుముందు కూడా అక్కరలేదు. ఇప్పుడు తెలిసింది గనుక దాచవలసిన వస్తువైంది.

కొన్నాళ్ళకు కోదాడ నుంచి బేరం వచ్చింది. పూర్ణచంద్రరావుకు అక్కడ సినిమా హాలుంది, లారీలున్నాయి. కొత్త సినిమా విడుదలైనప్పుడు హాలు ముందు ఆ కారును నిలబెట్టాలని అతని సరదా. కానీ లారీలు కొనీ అమ్మీ పండినవాడు. పాత బండి కొనేటప్పుడు ఆ ప్రాంతంలో అందరూ చేసే పరీక్షనే అతనూ అడిగాడు. బండి కదిలే ముందు ఆయిలు మట్టం చూపే కమ్మిని తుడిచి, ముంచి, పైగీత దాకా ఉందని ఇద్దరూ చూడాలి. కోదాడ నుంచి సూర్యాపేటకూ, సూర్యాపేట నుంచి కోదాడకూ హైవే మీద గట్టిగా తోలాలి. తిరిగి వచ్చాక ఇంజను చల్లారనిచ్చి అదే కమ్మిని ముంచాలి. గీత దిగితే బేరం లేదు.

ఆ వేగానికి గీత దిగక తప్పదని దామోదర్‌కు తెలుసు. ఆ కారును ఆ వేగంతో తోలగలవాడు తనకు తెలిసినంతలో ఒక్కడే ఉన్నాడనీ తెలుసు. రైసు మిల్లుకు స్వయంగా వెళ్ళాడు. ఊక ధూళితో తెల్లబడిన మోతీలాల్‌ను బస్తాల వెనక్కు పిలిచి, జపాన్ ఇంజనీరు చెప్పినదంతా దాచకుండా చెప్పాడు. అలా చెప్పడం తన గొప్పతనమే అన్నట్టు చెప్పాడు. తర్వాత పని చెప్పాడు.

“వాపస్ వచ్చేటప్పుడు మునగాల దాబా కాడ ఆయన్ను చాయ్‌కి దింపుత. నువ్వు బండిని ఎన్కకు పెట్టి, సీటు కింది డబ్బల ఆయిలు పొయ్యి. ఎవ్వలు సూడొద్దు.”

మోతీలాల్ ఒంటి మీది ఊక దులుపుకున్నాడు. దొంగిలించావన్న ఆయిలునే ఇప్పుడు దొంగతనంగా పోయమంటున్నారు.

“పోస్త పటేలా. గని నన్ను ఏడ అన్నరో ఆడ్నే అనాలె. హోటల్ కాడ, అందరు ఉన్నప్పుడు. మోతీలాల్ తియ్యలేదని.”

“బండి అమ్ముడు పోనీ. గప్పుడు నేనే అంట.”

పరీక్ష నాడు కారు ఇద్దరినే ఎక్కించుకుంది. తోలేవాడి పక్కన పూర్ణచంద్రరావు కూర్చున్నాడు. దామోదర్ కిరాయి అంబాసిడర్‌లో వెనక వచ్చాడు. హైవే మీద లారీలన్నీ వెనక్కు నడుస్తున్నట్టు అనిపించింది. ఇంజను మోత కాదది, కుట్టుమిషను రొద వంటిది. వేగం పెరిగినకొద్దీ సన్నబడి బిగుసుకునేది. పూర్ణచంద్రరావు దీపాలను పైకి లేపీ దించీ చిన్నపిల్లవాడిలా నవ్వుకున్నాడు. సూర్యాపేట బస్టాండు ముందు తిప్పుకొని వస్తూ మునగాలలో ఆగారు. ముందే అనుకున్నట్టు కిరాయి కారు కాస్త వెనకగా వచ్చి చేరింది. దామోదర్ పూర్ణచంద్రరావు భుజం మీద చేయి వేసి దాబా లోపలికి తీసుకుపోయాడు. మోతీలాల్ నీడ కోసమన్నట్టు కారును వెనక్కు తోలాడు. కమ్మి తీసి చూస్తే ఆయిలు గీత కిందికి దిగింది. అది తన నిర్దోషిత్వం. ఊరంతా చూడవలసినది, అతనొక్కడు చూశాడు. చూసి, డబ్బా మూత విప్పి, గీత అందేదాకా పోశాడు. పసుపు రంగు ఖాళీ డబ్బాను దాబా వెనక తుమ్మ చెట్ల కిందికి విసిరాడు.

కోదాడలో కమ్మి పైకి వచ్చినప్పుడు పూర్ణచంద్రరావు దాన్ని ఎండకు పట్టి రెండు వైపులా చూశాడు.

“చుక్క కూడా దిగలేదండీ. మరి ఇది ఆయిలు తాగుద్దని మిర్యాలగూడంతా అంటారేంటి?”

“పాత డ్రైవర్ అమ్ముకుంటుండె. తీసేసిన,” అన్నాడు దామోదర్.

పాత డ్రైవరు ఎవరో పూర్ణచంద్రరావుకు తెలియదు. ఆ పాత డ్రైవరే రెండడుగుల దూరంలో నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున్నే మోతీలాల్ ఉతికిన అంగీ వేసుకొని చాయ్ హోటల్ ముందుకు వచ్చాడు. భూలి కూడా వస్తానంది. వద్దన్నాడు, కానీ వచ్చి రోడ్డు అవతల నిలబడింది. దామోదర్ వచ్చాడు, చాయ్ తాగాడు, నలుగురితో ఎన్నికల మాటలు మాట్లాడాడు. మోతీలాల్ కదలకపోవడం చూసి బయటికి వచ్చి పక్కకు పిలిచాడు.

“జర సోంచాయించు మోతీ. నువ్వు తియ్యలేదంటె ఆయిలు ఏడికి పాయె అంటరు. బండి తాగిందనాలె. గా మాట పొద్దుగూకకముందే కోదాడకు చేరుతది. రావు కారు తెచ్చి నా గేటు ముందర పెడ్తడు.”

“మరి నాకిచ్చిన మాట?”

“ఒక్క చుక్క దిగలేదని సూపిచ్చింది నువ్వే గద. ఇప్పుడు నేనెట్ల కాదంట?” అని దామోదర్ కొంచెం మెత్తబడ్డాడు. “ఎలక్షన్లయినంక జీపు మీద పెట్టుకుంట తియ్యి.”

“దొంగను పెట్టుకుంటరా పటేలా?”

ఎవరైనా విన్నారేమోనని దామోదర్ చుట్టూ చూసి లోపలికి వెళ్ళిపోయాడు. రోడ్డు అవతలి నుంచి చూస్తున్న భూలికి మాటలు వినబడలేదు. హోటల్లో ఎవరూ తల తిప్పి చూడలేదన్నది మాత్రం కనబడింది. ఆమె అడగకుండానే ముందు నడిచింది.

ఎన్నికలు జరిగాయి. జీపు నిండా మనుషులతో దామోదర్ తండాలన్నీ తిరిగి దండాలు పెట్టాడు, గెలిచాడు. కోదాడలో కారు సినిమా హాలు ముందు దీపాలు ఎత్తుతూ దించుతూ కొన్నాళ్ళు జనాన్ని నవ్వించింది. దానికి మఠంపల్లి వైపు తండా నుంచి బిచ్చా అనే డ్రైవరును పెట్టారు. ఇంజనాయిలు కావాలని బిచ్చా మాటిమాటికీ అడగసాగాడు. స్వయంగా పరీక్షించి కొన్న బండి గనుక పూర్ణచంద్రరావు ఇవ్వనన్నాడు. ఒక మధ్యాహ్నం హుజూర్‌నగర్ రోడ్డు మీద ఇంజను కీచుమని పట్టేసింది. ఆయిలంతా అమ్ముకుని ఇంజను చంపాడని బిచ్చాను వెళ్ళగొట్టారు.

బిచ్చా అడుగుతూ అడుగుతూ మోతీలాల్ దగ్గరికి వచ్చాడు. అన్నా, నువ్వు తోలినవాడివి, తాగుతుందని వచ్చి ఒక్క మాట చెప్పు అన్నాడు. మోతీలాల్ పొయ్యిలో పుల్ల ఎగదోస్తున్న భూలి వైపు చూశాడు. ఆమె అంగీ అందించింది.

పూర్ణచంద్రరావు హాలు వరండాలోనే వాళ్ళను నిలబెట్టాడు. కారు తాగుతుందని మోతీలాల్ చెబితే, నీ ముందరే గదా కొలిచాం, దిగలేదు గదా అన్నాడు. అప్పుడు మోతీలాల్‌కు చెప్పడానికి ఒకటే మిగిలింది. మునగాలలో తానే పోశానన్నాడు, ఎందుకు పోశాడో చెప్పాడు, ఆ పాత డ్రైవరు తానేనన్నాడు.

పూర్ణచంద్రరావు లోపలికి వెళ్ళి మిర్యాలగూడకు ఫోను చేశాడు. అవతల దామోదర్ ఏమన్నాడో వరండాలోకి వినబడలేదు గానీ ఊహించడానికి కష్టమైనది కాదు. తిరిగి వచ్చేసరికి పూర్ణచంద్రరావు ముఖం కుదుటపడి ఉంది. మోతీలాల్ చెప్పినది నమ్మితే, లారీల్లో పుట్టి పెరిగిన తాను చాయ్ గ్లాసు దగ్గర మోసపోయినవాడు అవుతాడు. నమ్మకపోతే ఇద్దరు డ్రైవర్లు దొంగలవుతారు. మనిషి ఇలాంటి చోట తడుముకోడు.

“దొంగకి దొంగ సాక్ష్యమా? ఎవరూ చూడకుండా బానెట్ ఎత్తానని నీ నోటితోనే చెప్పావుగా. ఇంకేం కావాలి?”

ఇద్దరూ బస్సెక్కి మునగాలలో దిగారు. దాబా ముందు లారీలు ఆగి ఉన్నాయి. ఎక్కడ పోశావన్నా అని బిచ్చా అడిగాడు. నమ్మలేక కాదు, ఒకసారి చూద్దామని. మోతీలాల్ వెనక్కు తీసుకుపోయాడు. తుమ్మ చెట్ల కింద దాబావాళ్ళ గేదె కట్టేసి ఉంది. పక్కన కుడితి తొట్టి, దాని అంచున పైభాగం కోసేసిన ఆయిలు డబ్బా. కుడితి ముంచడానికి వాడుకుంటున్నారు. పసుపు రంగు ఇంకా పోలేదు.

బిచ్చా వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, లోపల వేలు పెట్టి రాశాడు. ఇది తీసుకుపోయి చూపిద్దామా అన్నట్టు మోతీలాల్ ముఖంలోకి చూశాడు.

దాబా వెనక తలుపు దగ్గర ఒకామె గిన్నెలు తోముతూ తలెత్తి ఇటే చూస్తోంది.

“ఆడ పెట్టు తమ్మీ,” అన్నాడు మోతీలాల్. “ఇది సుత మనమే ఎత్కపోతున్నమంటరు.”