రెండు మొక్కల రూలు

అట్టా కాదమ్మడూ, జైలని రాశావా? కొట్టెయ్. జైలు దాకా పోలేదు. నేను నిదానంగా చెప్తా, నువ్వూ నిదానంగా రాయి. మీ పెద్ద తాతయ్య, అదే మా శేషాచలం అన్నయ్య, ఆస్ట్రేలియాలో డార్విన్ అనే ఊరు వెళ్ళాడని రాశావుగా. ఆ పైన రాసుకో.

కూతురు శేషుకుమారికి నెలలు నిండొస్తున్నాయి. తల్లి లేని పిల్ల. పురిటికి తల్లి పోవాల్సిన చోటికి తండ్రి బయల్దేరాడు, టూరిస్టు వీసా మీద. అల్లుడు ద్వారకానాథ్‌ది అక్కడ ఆసుపత్రిలో కంప్యూటర్ల పని. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. రెండు వేల సంవత్సరం రాంగానే కంప్యూటర్లకి తేదీ తెలీక పిచ్చెక్కుద్దని లోకమంతా గోలగోలగా ఉన్న రోజులు. "మామయ్యా, జనవరి ఒకటి దాకా నన్ను ఇంట్లో మనిషిగా లెక్కెయ్యొద్దు" అని చెప్పేశాడు అల్లుడు. కరెంటు పోయినా నీళ్ళు ఆగినా ఉంటాయని గ్యారేజీ నిండా బియ్యం బస్తాలూ, నీళ్ళ క్యాన్లూ, కొవ్వొత్తులూ, పెద్ద పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములూ తెచ్చి పడేశాడు.

శేషుకుమారికి అవేవీ పట్టలేదు. ఆ పిల్లకి ఒకటే ధ్యాస. "నాన్నా, గోంగూర పచ్చడి తినాలనుంది. సీసాలోది కాదు. పచ్చి ఆకు కోసి చేసింది."

ఆసుపత్రిలో కాంత అని ఒక నర్సు ఉంది. ఫిజీ నుంచి వచ్చిన తెలుగోళ్ళమ్మాయి. తెలుగు రెండు ముక్కలొచ్చు, అందులో ఒకటి గోంగూర. తన పెరట్లో కాసిన గోంగూర విత్తనాలు ఇచ్చింది. అన్నయ్య అక్కడికి చేరిన కొత్తలోనే నాటాడు. వానలు పట్టుకున్నాయి. ఆ ఊళ్ళో వానంటే వానే. డిసెంబరు సగానికి పన్నెండు మొక్కలు నడుం ఎత్తు లేచినయ్. "ఇంకో నాలుగు రోజులాగమ్మా, ఆకు ఇంకా విచ్చుకుంటది. ఆసుపత్రికి పోయేలోపు నీకు పెట్టకపోతే నన్నడుగు" అన్నాడు.

పక్కింట్లో డారిల్ అని ఒంటరాయన. ఓడరేవులో చేసి మానేశాడు. ఎప్పుడు చూసినా నిక్కరు, గడ్డం. ఒకరోజు మధ్యాహ్నం కంచె మీంచి ఇటు తల పెట్టి, మన మొక్కల్ని చూసి ఈల వేశాడు. అన్నయ్య సంబరపడ్డాడు. తన సాగు ఇన్నాళ్ళకి ఒకడు మెచ్చుకున్నాడని.

"నో నో, మేట్" అన్నాడు డారిల్. రమ్మని సైగ చేసి, కంచె అవతల నీలం తొట్టెలో తన మొక్కలు చూపించాడు. రెండే రెండు. అన్నయ్య తొంగి చూశాడు. అయిదు వేళ్ళు, ఏడు వేళ్ళు విచ్చిన ఆకు, అంచున పళ్ళు. ఓరి నీ ఇల్లు బంగారంగానూ, నువ్వూ గోంగూరేశావే అనుకున్నాడు. కాస్త సన్నం ఆకు, ఈ దేశపు రకం కామోసు. ఘాటు వాసనొస్తుంటే ఏదో ఎరువు వేశాడనుకున్నాడు. నవ్వమాక అమ్మడూ. మా అన్నయ్య బైరాగుల చిలుం పొగ చూశాడుగానీ గంజాయి మొక్క ఎన్నడు చూశాడు?

డారిల్ రెండు వేళ్ళు చూపించి, "టూ, ఓకే" అన్నాడు. తర్వాత మన పన్నెండు మొక్కల్నీ ఒక్కోటి లెక్కెట్టి, రెండు మణికట్లూ కలిపి బేడీలు పడ్డట్టు చూపించాడు. "యూ, టూరిస్ట్?"

"యెస్, టూరిస్ట్. బేబీ కమింగ్" అన్నాడు అన్నయ్య.

డారిల్ "అయ్యో" అన్నట్టు తలాడించి, అరచెయ్యి విమానంలా పైకి లేపాడు. అన్నయ్య తనకి సంగతంతా అర్థమైపోయిందనుకున్నాడు.

ఈ దేశంలో ఇంటికి రెండు గోంగూర మొక్కలే ఉండాలంట! అంతకు మించితే బేడీలు. చూసిపోను వచ్చినోడైతే నేరుగా విమానం. ఇదేం రూలని కాసేపు ఆలోచించాడు. వచ్చేటప్పుడు విమానాశ్రయంలో చింతపండు పొట్లం పట్టుకుని అరగంట తిరగేశారు కదా, వీళ్ళకి పులుపంటే పడదేమో అని సమాధానం చెప్పుకున్నాడు. ఎవరినైనా అడుగుదామంటే భయం. అల్లుడా, సర్కారు ఆసుపత్రి ఉద్యోగస్థుడు. తెలిసి దాచాడంటే ఆయన మెడకి చుట్టుకుంటది. కూతురా, నిండు చూలాలు.

శేషుకుమారి కునుకు తీస్తుంటే పది మొక్కలు పీకేశాడు. తన చేత్తో నాటినవి. కాడలు ముక్కలు చేసి చెత్తలో అడుక్కి తొక్కాడు. ఆకు పారెయ్యబుద్ధి కాలేదు. దూసి, తడి తువ్వాల్లో చుట్టి, గ్యారేజీలో కొవ్వొత్తుల వెనకాల డ్రమ్ములో దాచి మూతేశాడు.

ఆ పిల్ల లేచొచ్చి పెరట్లో నిలబడిపోయింది. "ఏమైనయ్ నాన్నా?"

"పురుగు పట్టిందమ్మా."

"పొద్దున చూశాగా, నిగనిగలాడుతున్నయ్."

"ఈ ఊరి పురుగు. జాములో పట్టుద్ది."

అమ్మ ఉంటే ఇట్టా కానిచ్చేదా అని ఒక్క మాట అని లోపలికెళ్ళి ముసుగు పెట్టింది. అన్నయ్యకి అన్నం దిగలేదు.

మర్నాడు పొద్దున్నే డారిల్ మళ్ళీ కంచె దగ్గరకొచ్చాడు. రెండే మొక్కలు మిగిలుండటం చూసి బొటనవేలెత్తాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, పీకిన ఆకంతా ఏం చేశావన్నట్టు సైగ చేశాడు. కాస్త ఇయ్యరాదా అని చెయ్యి చాపాడు.

అన్నయ్యకి ఒక్కసారి జాలేసింది. పాపం, వీడికీ గోంగూర పిచ్చే! రెండు మొక్కల్తో ఏం సరిపెట్టుకుంటాడు? గ్యారేజీలోకెళ్ళి సంచీడు ఆకు తెచ్చి, దొంగసరుకులాగా కంచె మీంచి అందించాడు. "పచ్చడి. ఆనియన్. గుడ్" అని వంట కూడా చెప్పాడు.

డారిల్ వాసన చూశాడు. మొహం అదోలా పెట్టాడు. ఒక ఆకు తుంచి నమిలాడు. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుపోయినయ్, ఆ పులుపుకి. తూ అని ఉమ్మి, కంచె పట్టుకుని పడీ పడీ నవ్వటం మొదలెట్టాడు. ఆ నవ్వుకి శేషుకుమారి బయటికొచ్చింది. డారిల్ ఒక చేత్తో తన ఆకు, ఒక చేత్తో మన ఆకు పట్టుకుని ఆ పిల్లకి సంగతంతా చెప్పాడు.

"నాన్నా, అది గంజాయి!"

"ఇదా?"

"అదే! నీది కాదు, ఆయనది!" పొట్ట పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడి నవ్వింది.

అన్నయ్య మాత్రం వదల్లేదు. "అయితే గోంగూర ఎన్ని వేసుకోవచ్చు?"

"వెయ్యి వేసుకో నాన్నా."

అప్పుడే డ్యూటీ దిగొచ్చిన అల్లుడు అసలు రూలు చెప్పాడు. రెండు మొక్కలకీ అనుమతేం లేదంట. ఇంటి దగ్గర ఆ మాత్రం ఉంటే కోర్టుకి లాగకుండా జరిమానాతో వదిలేస్తారంతే. బయటి దేశం నుంచి వచ్చినోడికైతే వీసాకి కూడా ముప్పేనంట. "ఆయన సలహా మంచిదే మామయ్యా, మొక్కే తప్పు" అన్నాడు.

పది మొక్కల ఆకు. అప్పటికే వాడుతోంది, ఇంక ఆగేది లేదు. బాగున్నదంతా ఏరి, కడిగి, దుప్పటి మీద ఆరబెట్టి, మూకుడు మూకుళ్ళుగా వేయించారు. మిక్సీ రెండుసార్లు వేడెక్కి ఆగిపోయింది. శేషుకుమారికి వేడన్నంలో నెయ్యేసి, పచ్చి ఉల్లిపాయ పెట్టి, అన్నయ్యే ముద్దలు కలిపి పెట్టాడు. ఏడు ముద్దలు తింది. ఎనిమిదోది తండ్రి నోట్లో పెట్టింది. మిగిలింది జాడీలకెత్తారు. డిసెంబరు ముప్పై ఒకటిన ఆసుపత్రిలో కంప్యూటర్ల కాపలా కాసినోళ్ళంతా ఆ పచ్చడే తిన్నారు. ఒక్క కంప్యూటరు కూడా ఆగలేదంట. అదంతా తన గోంగూర మహిమేనంటాడు అన్నయ్య. జనవరి ఆరున ఆడపిల్ల పుట్టింది. గది గుమ్మం దగ్గర అన్నయ్య ఉన్నాడు.

ఇంకొక్కటి రాయి అమ్మడూ, అయిపోయింది. బేడీలకి భయపడి పీకానని అన్నయ్య అందరికీ చెప్పి నవ్విస్తాడు. నాకు మాత్రం వేరే చెప్పాడు. "బేడీలదేముందిరా, నన్ను విమానమెక్కిస్తే పురిటి గది బయట దానికి ఎవరుంటారని పీకాను" అన్నాడు. ఆ మాట కూతురికి చెప్పుకోలేదు. ఆరోజు అమ్మ ఉంటే ఇట్టా కానిచ్చేదా అని అది అన్న మాట తల్చుకుని ఎక్కడ బాధపడుద్దోనని ఇప్పటికీ దాచుకున్నాడు. ఆదివారం మీ శేషు అత్త ఫోన్ చేసుద్దిగా, అప్పుడు ఇదంతా తనకి చదివి వినిపించు. ఈ ఆఖరి ముక్క దగ్గర కాస్త నిదానంగా చదువు.