నుదుటికిచ్చిన నూనె

జెరూషా దిండు గలేబులోకి మోచేయి దాకా చెయ్యి దూర్చి వెలుతురుకేసి పట్టుకుంది. మధ్యలో తలనూనె మరక, దాని పక్కన చొంగ కారి ఎండిన పసుపు చార. రెండింటి చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, అంచుకి నంబరు చీటీ గుచ్చి గంపలోకి విసిరింది. భవానీపూర్‌లోని ఆ డ్రైక్లీనింగు దుకాణంలో ఆమె పని ఇదే. వచ్చిన బట్టను తెచ్చినవాళ్ల ఎదుటే విప్పి మరకలు చూపించాలి. లేకపోతే తీసుకెళ్లేటప్పుడు అవి మీరే చేశారని మీదపడతారు. పట్టుజాకెట్ల చంకలు, లాల్చీల మీద మాంసం పులుసు, రోగుల మీంచి తీసిన శాలువాలు. చేరిన కొత్తలో ఆమెకు మధ్యాహ్నం ముద్ద దిగేది కాదు. ఇప్పుడు ఊళ్లోవాళ్ల మురికి ఆమెను ఏమీ చెయ్యదు. ఇంట్లోదే ఎంత తోమినా వదలదు.

సన్నటి మనిషి. ముప్పై అయిదు దాటాయి. జుట్టు లాగి ముడేసుకుంటుంది, మరకలు తీసే మందులకి వేళ్ల చివర్లు తెల్లబడి చిట్లి ఉంటాయి. దుకాణంలో ఎవరితోనూ గొడవ పడదు, ఎవరికీ గుర్తుండదు కూడా. భర్త ఆండ్రూ ఖిదిర్‌పూర్ డాకుల్లో గోదాము కాపలాదారు. వాళ్ల తాత భీమిలి వైపు నుంచి ఓడ పనికొచ్చి ఈ బెంగాలీ ఊళ్లోనే ఉండిపోయాడు. పోర్టు క్వార్టర్లో ఉన్నది ఒకటే గది. తెరకి ఇటు వీళ్లు, అటు అత్త సన్యాసమ్మ.

పెళ్లయి చాన్నాళ్లయినా పిల్లల్లేరు. సన్యాసమ్మ సంఘంలో ప్రార్థన చేయించి నూనె సీసా తెచ్చింది. నుదుటికి రాయండమ్మా అని పాస్టరుగారు స్పష్టంగానే చెప్పాడు. సన్యాసమ్మకది చాల్లేదు.

"నుదురేటి సేస్తాదిరా? కొరత ఎక్కడుంటే అక్కడ రాయాల," అని సీసా కొడుకు చేతిలో పెట్టింది.

జెరూషాకి ఆ సమయంలో పొడిగా ఉండి నొప్పి పుట్టేది. మందుల దుకాణంలో అడగడానికి ఆండ్రూకి సిగ్గు. తల్లి చెప్పిన మాట అతనికి కలిసొచ్చింది. అప్పట్నించీ పక్క మీదంతా ఆ నూనే. గంధం కలిపిన మక్కిన వాసన. పొద్దున్నే సన్యాసమ్మ సీసాని కిటికీ దగ్గర ఎత్తి చూసేది. "తగ్గింది, స్తోత్రం," అనుకుంటూ మూత బిగించేది. తన మంచం మీద జరిగింది అత్త సీసాలో కొలుచుకుంటోందన్నమాట! ఆ మాట తలుచుకున్నప్పుడల్లా జెరూషాకి ఒళ్లు తోముకోవాలనిపించేది. అయినా నోరెత్తలేదు. బిడ్డ కావాలి. ఎవరికన్నా ఎక్కువగా తనకే కావాలి.

నిన్న ఇద్దరూ ఆసుపత్రికి వెళితే డాక్టరమ్మ అడిగింది, ఏం వాడుతున్నారని. ఆండ్రూ గోడకేసి చూశాడు. చెప్పాల్సింది జెరూషాకే పడింది. డాక్టరమ్మ నవ్వలేదు. నూనెలు, ఉమ్మి, మామూలు జెల్లులు వీర్యకణాలను సరిగా కదలనివ్వకపోవచ్చని చెప్పింది. రుచులూ వాసనలూ కలిపినవి వద్దని, బిడ్డ కోసం ప్రయత్నించేవాళ్లకని పెట్టె మీద రాసి ఉన్నది కొనమని చెప్పింది. "జెల్ బిడ్డనివ్వదు. అడ్డు పడకుండా ఉంటుంది, అంతే," అని కూడా అంది.

మధ్యాహ్నం భోజనం వేళ మందుల దుకాణానికి వెళ్లింది. "కీ లాగ్‌బే, దీదీ?" అని ఏం కావాలో అడిగాడు కౌంటరు వెనక మనిషి. ఆమె గొంతు తగ్గించి చెప్పింది. అతను మాత్రం గొంతు తగ్గించలేదు. స్ట్రాబెర్రీ బొమ్మ ఉన్న గొట్టం ముందుకు తోసి, ఇంట్లో దాదాకి, అంటే ఆమె భర్తకి, ఇది బాగా నచ్చుతుందన్నాడు. వెనకాల దగ్గుమందు కోసం నించున్నవాడు మెడ సాచి మరీ చూశాడు. వాడి ఊపిరి భుజానికి తగిలేసరికి ఆమెకి పొద్దుటి చొంగ గలేబు గుర్తొచ్చింది.

"దాదాకి నచ్చడానికి కాదు. బిడ్డ కోసం," అంది బెంగాలీలో, ఈసారి అందరికీ వినపడేలా.

అతని నవ్వు చప్పున చల్లారింది. పెట్టెలన్నీ తీయించింది. బట్ట చూసినట్టే ఒక్కొక్కటీ తిప్పి చదివింది. ఒకటి వేడి పుట్టిస్తుందట. ఇంకోదాని మీద గర్భం కోసం చూస్తున్నవాళ్లకు తగదని చీమతలంత అక్షరాల్లో ఉంది. అట్టడుగునున్న పెట్టె మీద కావలసిన మాట దొరికింది. వాసన లేదు, రంగు లేదు. అంత శుభ్రమైన వస్తువు తన పడకకి దగ్గరగా వచ్చి ఎన్నాళ్లయిందో అనిపించి, దాన్ని సంచీలో పెట్టుకుంటుంటే ఆమెకి కళ్లు తడిశాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గదినిండా సంఘం ఆడవాళ్లు. మధ్యలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద నూనె కారకుండా పరిచిన తువ్వాలు. డాక్టరమ్మ మాటలన్నీ ఆండ్రూ తల్లికి ఒప్పజెప్పేశాడు.

"దా, కూకో," అంది సన్యాసమ్మ. "దేవుడి నూనె అడ్డమన్నాదట ఆ డాక్టరమ్మ! ఇన్నారేటి?"

"దేవుడి మీద నాకేటీ లేదత్తా. పాస్టరుగారు నుదుటికి ఇచ్చినారు."

"మరెక్కడ రాసినారేటి?" అని అడిగింది ఒకావిడ ముందుకి జరిగి.

సన్యాసమ్మ చెప్పేసింది. దాపరికం లేకుండా, కొడుకు ఘనత చెప్పుకున్నట్టు చెప్పింది. ఆడవాళ్లు తలలూపి స్తోత్రం అన్నారు. జెరూషా సంచీని ఒంటికి అదుముకుంది. ఇన్నేళ్లూ తను గీత గీసి చూపించిన మరకల్లాగే ఇవాళ తననూ నలుగురి ముందు విప్పి చూపించారు.

ఆండ్రూ ఆమెను వరండాలోకి లాక్కొచ్చాడు. సీసా కొత్తగా నింపినట్టున్నాడు, బొటనవేలు జిడ్డుగా మెరుస్తోంది.

"కోపం తెచ్చుకోకు జెరూ. రెండూ కలిపి రాసుకుందాం. అమ్మకీ బాధుండదు, డాక్టరమ్మ మాటా ఉంటాది."

ఆమె అతని మొహంకేసి చూసింది. అతను వేళాకోళమాడటం లేదు, బతిమాలుతున్నాడు. అదే ఆమెకి అన్నిటికన్నా రోతగా అనిపించింది.

"న్యూ టౌన్‌లో మా జాయ్స్ అక్క దగ్గరుంటాను," అంది మెల్లగా. "నీకు బిడ్డ కావాలంటే అక్కడికి రా. ఒక్కడివే రా. సబ్బెట్టి చేతులు కడుక్కుని రా."

 లోపల్నించి తల్లి పిలిచింది. అతను అటే తిరిగాడు. జెరూషా భుజానున్న సంచీ దించనైనా దించకుండా మెట్లకేసి నడిచింది.

కిటికీ పక్కనుంచి పోతూ ఒక్కసారి లోపలికి చూసింది. కోడలు మొహం కడుక్కుని వస్తుందనుకుందో ఏమో, సన్యాసమ్మ ప్రార్థన మొదలుపెట్టేసింది. అందరూ కళ్లు మూసుకుని చేతులు ముందుకి చాపారు. ఆ చేతులన్నిటి కింద ఎర్ర కుర్చీ, మడత చెదరని తువ్వాలుతో, ఖాళీగా ఉంది.