చౌడు పోసినవాళ్ల మిద్దె

"ఈ యేడు చౌడు నేనే పోయించుకుంటాలే, జుబేదా."

రాఘవమ్మ ఆ మాట అన్నది ఆదివారం పొద్దున, అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ. కొత్తవాళ్లు వింటే ఇందులో ఏముందిలే అనుకుంటారు. మార్కాపురంలో పలకల కార్ఖానా వెనక వీధిలో కాపురమున్న ఎవరినైనా అడగండి, చెబుతారు. ఇల్లు ఖాళీ చెయ్యమని మర్యాదగా చెప్పడం అది.

ఆ వీధిలో అన్నీ మట్టి మిద్దెలు. ఎండలు ముగిసి తొలివాన పడేలోపల మిద్దె మీద చౌడు మట్టి పరవాలి. నాలుగు చినుకులు పడగానే చౌడు బిగుసుకుని చుక్క నీరు కిందికి దిగనివ్వదు. పరవని ఇల్లు జల్లెడే. ఆ చౌడుకు వీధివాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తొలివానకు ముందు ఏ ఇంటి మీద ఎవరి చౌడు పడితే, మళ్లీ చౌడు పోసేదాకా ఆ ఇల్లు వాళ్లది. బాడిగకున్నవాళ్లు పోస్తే పాత బాడిగకే ఉంటారు. ఇంటివాళ్లు పోసుకుంటే బాడిగకున్నవాళ్లు సామాను సర్దుకుంటారు. యుద్ధం అయిపోయిన మరుసటేడు, మద్రాసులో బాడిగల మీద ఏవో చట్టాలు చేస్తున్నారని పేపరు చదివేవాళ్లు చెప్పుకునేవాళ్లు గానీ, ఆ చట్టాలు ఇంకా ఆ వీధి మలుపు తిరగలేదు.

ఈ కట్టుబాటును అందరికంటే గట్టిగా పట్టుకున్నది రాఘవమ్మే. నాలుగేళ్ల కిందట రెండో ఇంట్లో ఉన్న దర్జీ చౌడు పోయడానికి ఒక్క రోజు ఆలస్యం చేశాడని, కుట్టుమిషనుతో సహా వీధిలోకి పంపించింది. "కట్టు అంటే కట్టే. నాకైనా అంతే" అని ఆ రోజు వీధంతా వినేలా చెప్పింది కూడా.

ఆమెవి వరసగా నాలుగిళ్లు, గోడకు గోడ కలిపి కట్టినవి. మొదటిదాంట్లో ఆమె ఉంటుంది. రెండోది సెలవులకు ఊరికి పోయిన బడిపంతులుది. మూడోది రోశమ్మది. చివరిది జుబేదాది. పద్నాలుగేళ్లుగా బాడిగ మూడు రూపాయలు. ఇప్పుడు పలకలకు గిరాకీ పెరిగి ఊళ్లో కొత్త కార్ఖానాలు లేచాయి. గుమాస్తాలు, మేస్త్రీలు ఇళ్ల కోసం వీధులు గాలిస్తున్నారు. మూడు రూపాయల ఇంటికి ఎనిమిది పలుకుతోంది. ఉండాలంటే ఆ ఎనిమిదే ఇవ్వమంది రాఘవమ్మ.

జుబేదా చేతిలోని చెంబు కింద పెట్టి సూటిగా అడిగింది.

"పద్నాలుగేండ్లు పక్కపక్కన ఉన్నోళ్లం. ఎనిమిది అడగడానికి నీకు నోరెట్ల వచ్చిందక్కా?"

"నోరు కాదే, కడుపు అడిగిస్తాంది. రాచర్ల చేలు రెండేండ్ల నుంచి ఎండిపోయినాయి. ఆ గుమాస్తా ఎనిమిదిస్తానని వచ్చినాడు. నువ్వు ఎనిమిదిస్తే నువ్వే ఉండు. నేనేం పొమ్మన్నానా?"

జుబేదా మొగుడు జిలాని నెలంతా పలకలకు చెక్క చట్రాలు బిగిస్తే వచ్చేది పద్దెనిమిది రూపాయలు. ఎనిమిది బాడిగకు పోతే మిగతావాటితో గాలి తినాలి. ఈ ఇల్లు పోతే మార్కాపురంలో ఇంకో ఇల్లు లేదు, కొమరోలు తిరిగిపోయి మరిది పంచన చేరడమే.

ఇంత జరుగుతుంటే జిలాని ఏం చేశాడంటే, సోమవారం పలకల పెట్టెలు తీసుకుని గిద్దలూరు పోయాడు. "రేపు సాయంత్రం బండికి వచ్చేస్తా. వచ్చినాక చూద్దాంలే. అప్పుడే వాన యాడొస్తాది" అన్నాడు. మంచివాడే పాపం, కానీ ఏ పనైనా రేపటి మీదికి తోయడంలో అతణ్ని మించినవాడు ఆ తాలూకాలో లేడు. వారం కిందటే పంతులుగారి చౌడు, రోశమ్మ చౌడు మిద్దెలెక్కాయి. జిలానిది మాత్రం రేపట్లోనే ఉండిపోయింది.

జుబేదా ఊరుకోలేదు. రాఘవమ్మ చౌడు తోలే కొండయ్య బండిని బుధవారానికి మాట్లాడిందని రోశమ్మ ద్వారా తెలిసింది. మంగళవారం రాఘవమ్మ చచ్చినా ఏ పనీ మొదలుపెట్టదు. అంటే మంగళవారం ఒక్క రోజు చేతిలో ఉంది.

"రోశక్కా, తెల్లారేసరికి గంప తీసుకుని రా" అంది.

మంగళవారం కోడి కూయకముందే ఆడవాళ్లిద్దరూ ఊరి చివర చౌటినేలలో ఉన్నారు. ఒకరు తవ్వితే ఒకరు ఎత్తారు. నెత్తిన గంప పెట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చి, ఇళ్ల వెనక గోడచాటున కుప్ప పోశారు. పది గంపలు, ఇరవై గంపలు. జుబేదా చీరంతా తెల్లటి మట్టి. మెడ నరాలు లాగుతున్నాయి, అరికాళ్లు కాలుతున్నాయి, అయినా ఎందుకో నవ్వొస్తోంది. పద్నాలుగేళ్లలో ఇంత హుషారుగా ఆమె ఏ పనీ చేయలేదు. నలభయ్యో గంప పోసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దోర్నాల వైపు కొండల మీద నల్లగా మబ్బు కనిపించింది.

"వచ్చేస్తాంది! రోశక్కా, వచ్చేస్తాంది!"

కార్ఖానాలో మధ్యాహ్నం గంట కొట్టారు. జిలానితో పాటు చట్రాలు బిగించే ఏసురత్నం, ఇంకో ముగ్గురు జుబేదా కబురు అందుకుని, అన్నాలు కూడా తినకుండా పరుగెత్తుకొచ్చారు. వాళ్లను చూసి జుబేదాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మీద మా ఇల్లు యాడుందో మీకు తెలీదు కదన్నా" అంది జుబేదా.

అది నిజమే. ఆ వరస మిద్దెల మీదికెక్కితే అంతా ఒకటే మైదానం. కింద గోడలున్నట్టు పైన గుర్తులేమీ ఉండవు. ఇంటికొక గవాచి ఉంటుంది, అంటే వెలుతురు దిగడానికీ, పొయ్యి పొగ పైకి పోవడానికీ కప్పులో వదిలిన కంత. నిచ్చెనేమో వరస మధ్యలో, వెనకవైపు ఉంది. పైన నడుమ రెండిళ్ల మీద కొత్త చౌడు మెరుస్తోంది. బోడిగా ఉన్నవి అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి.

జుబేదా చిటికెలో ఉపాయం చెప్పింది. "నేను పొయ్యి రాజేస్తా. ఏ గవాచిలోంచి పొగొస్తే అదే మా ఇల్లు. దాని చుట్టూ పొయ్యండి. ఈ ఎండలో ఇంకెవరూ పొయ్యి ముట్టించరు."

కుడి ఎడమలు చెబితే పైకెక్కి తిరిగేసరికి తారుమారవుతాయి కాబట్టి, ఆ వీధిలో మిద్దెల మీద ఇల్లు పోల్చుకునే పద్ధతే అది. జుబేదా లోపలికి పరుగెత్తి పిడకలు పేర్చి నిప్పు పెట్టింది. పొగ చాలదేమోనని భయమేసి పచ్చి వేపరొట్ట తెచ్చి ఇంత కుక్కింది. ఇంకా చాలదేమోనని ఇంకా కుక్కింది. గుప్పున పొగ లేవగానే, "ఇంకేం!" అనుకుని బయటికొచ్చి గంపలకు మట్టి నింపడం మొదలుపెట్టింది. అంత రొట్ట కుక్కితే నిప్పు బతుకుతుందా? మొదటి గంప నిచ్చెన ఎక్కకముందే పొయ్యి చల్లగా ఆరిపోయింది.

అంతకు కాస్త ముందే, కుప్ప దగ్గర ఎవరూ లేనప్పుడు, రాఘవమ్మ గోడచాటున దాన్ని చూసింది. మంగళవారం మాట మరిచిపోయింది. కొండయ్యకు కబురు పెట్టింది, "ఉన్నపళాన బండి కట్టుకుని రా, నలుగురు కూలోళ్లను పిలుచుకో" అని. పనివాళ్లకు కడుపు నిండా పెట్టందే రాఘవమ్మకు తోచదు, ఆ మంచి గుణం ఆమెకుంది. పెద్ద కుండతో సంగటికి ఎసరు పెట్టి, పొయ్యి నిండా కట్టెలు దోపి, బండి కోసం వీధి మొగదలకు పోయి నిలబడింది.

వెనకవైపు పని జోరుగా సాగుతోంది. జుబేదా నింపుతోంది, రోశమ్మ అందిస్తోంది, ఏసురత్నం బృందం మోస్తోంది. గాలి లేచింది. చౌడు దుమ్ము కళ్లల్లో కొడుతోంది. పైకి తలెత్తి చూసే తీరిక ఎవరికుంది?

"పొగ కనపడుతుందా ఏసురత్నమన్నా?"

"ఎందుకు కనపడదు? రైలింజన్ మాదిరి లేస్తాంది!"

నలభయ్యో గంప మీదికెక్కింది. కార్ఖానాలో మళ్లీ గంట కొట్టారు. ముగ్గురు పరుగెత్తారు, ఏసురత్నం చేతులు కడుక్కోవడానికి బావి దగ్గర ఆగాడు. జుబేదా కొంగుతో ముఖం తుడుచుకుంది. అయిపోయింది! ఇల్లు దక్కింది! ఆమె రోశమ్మను పట్టుకుని గిర్రున ఒక చుట్టు తిప్పింది.

అప్పుడే ముందువైపు బండి చప్పుడైంది. జుబేదా వీధిలోకి వచ్చేసరికి కొండయ్య మనుషులు చివరింటి గోడకు నిచ్చెన వేసి పైకెక్కుతున్నారు. రాఘవమ్మ కింద నిలబడి తొందరపెడుతోంది. జుబేదా నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"పొయ్యక్కా, పొయ్యి! రెండు పొరలైతే ఇల్లు ఇంకా గట్టిగా ఉంటాది!"

"ఏం పొరలే? ఏం కొండయ్యా, పైన ఏమన్నా ఉందా?"

కొండయ్య మిద్దె అంచు నుంచి తొంగిచూశాడు. "ఏముందమ్మా, గుండు మాదిరి బోడిగా ఉంది."

"కళ్లు కనపడతాయా నీకు మామా?" అని జుబేదా కసురుకుంది. నిచ్చెన ఎగబాకి అంచు మీదుగా చూసింది. నిరుటి చౌడు, పగిలిన పెచ్చులు. తన గవాచిలోంచి పొగ లేదు. కళ్ల ముందే కూలోళ్లు గంప తర్వాత గంప తన ఇంటి మీద కుమ్మరిస్తున్నారు. ఆఖరి గంప పడింది. వెంటనే ఆమె చేతి మీద ఒక చినుకు టప్‌మని పడింది.

"పడింది వాన!" అని రాఘవమ్మ చప్పట్లు కొట్టింది. "నా చౌడు పడినాకే పడింది, అందరూ చూసినారు కదా!"

జుబేదా నిచ్చెన దిగి గోడకు చేరగిలబడింది. ఏసురత్నం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏసురత్నమన్నా, యాడ పోసినారన్నా మీరు?" అని అడిగింది.

"నువ్వు చెప్పినట్టే అక్కా. పొగొచ్చే గవాచి చుట్టూ. అదో, ఆడ."

అతను చూపించింది వరసకు అటు చివర. రాఘవమ్మ ఇల్లు. ఆమె సంగటి పొగ ఇంకా ధారాళంగా లేస్తూనే ఉంది.

యా అల్లా! తెల్లవారుజాము నుంచి మెడలు విరగ్గొట్టుకుని మోసిన నలభై గంపలు, ఇల్లు ఖాళీ చెయ్యమన్న మనిషి నెత్తినే పోశామా! జుబేదాకు ఏడుపు ముంచుకొచ్చింది. వీధిలో అందరూ చూస్తుండగానే వెక్కి వెక్కి ఏడ్చింది. వాన జోరందుకుంది.

"అయ్యో, నా విత్తనాలు!" అని రాఘవమ్మ ఉలిక్కిపడింది. తన మిద్దె మీద చౌడు లేదు. చేలల్లో చల్లడానికి దాచిన ఆరు బస్తాల వేరుశనగ విత్తనం లోపలే ఉంది. చీర ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. లోపల చాలాసేపు ఉంది. తిరిగి గడపలోకి వచ్చినప్పుడు ఆమె ముఖంలో ఆశ్చర్యం తప్ప ఇంకేమీ లేదు.

"చుక్క కారలేదే!"

"ఎందుకు కారతాది? జుబేదా చౌడు పడింది కదా నీ మిద్దె మీద" అంది రోశమ్మ. అని, అక్కడే ఆగిపోయింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "జుబేదా చౌడు పడింది. తొలివానకు ముందు పడింది. రాఘవమ్మా, అయితే ఆ ఇల్లు..."

కొండయ్య బండి చక్రం మీద చేత్తో చరిచాడు. "జుబేదాది! మళ్లీ చౌడు పోసేదాకా జుబేదాది! నువ్వు సామాను సర్దుకోవాలమ్మోయ్!"

వీధి వీధంతా వానలోనే గొల్లుమంది. దర్జీ కుట్టుమిషను వీధిలో నిలబడ్డ రోజు అక్కడున్నవాళ్లందరికీ గుర్తే. అందరికంటే ఎక్కువ ఆమెకే గుర్తు. కాదంటే తన నాలుగిళ్ల మీదా కట్టుబాటు పోతుంది. ఆమె గడప పట్టుకుని, మాట తప్పని మనిషి కాబట్టి, అడిగేసింది.

"కట్టు అంటే కట్టే. నా ఇంట్లో నన్నుండనిస్తే ఎంత బాడిగ కావాలే?"

జుబేదా ముక్కు చీదుకుంది. ఏడుపు ఎక్కడ ఆగిందో, సంతోషం ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియలేదు. ముఖం మాత్రం గంభీరంగా పెట్టింది.

"బయట ఎనిమిది నడుస్తాంది కదక్కా."

"ఎనిమిదా!" రాఘవమ్మ భగ్గుమంది. "పద్నాలుగేండ్లు పక్కపక్కన ఉన్నోళ్లం, ఎనిమిది అడగడానికి నీకు నోరెట్ల..."

మాట సగంలో తెగిపోయింది. ఆదివారం పొద్దున అదే మాట తను ఎవరి నోట విన్నదో ఆమెకు గుర్తొచ్చింది. రాఘవమ్మ తల దించుకుంది, మళ్లీ ఎత్తినప్పుడు కళ్లు తడిసి ఉన్నాయి.

"లోపలికి రావే, తడిసిపోతాండావు" అంది. "మూడు రూపాయలే. నీకూ, నాకూ. ఆ గుమాస్తాను వేరే యాడన్నా చూసుకోమంటా. రండి, అందరూ రండి, సంగటి చల్లారిపోతాంది."

జిలాని చీకటి పడే వేళకు స్టేషన్ నుంచి తడుచుకుంటూ వచ్చాడు. కొండల మీద మబ్బు చూసినప్పటి నుంచి రైల్లో అతనికి కూర్చున్నా, నిలబడినా తోచలేదట. తన ఇంట్లో దీపం లేదు. రాఘవమ్మ అరుగు మీద తన పెళ్లాం కాళ్లు బార్లా చాపుకుని సంగటి తింటోంది. పక్కన రాఘవమ్మ ఊరుబిండి పచ్చడి వడ్డిస్తోంది. జిలాని అరుగు దగ్గరికి వచ్చాడు.

"ఇల్లు దక్కిందా, జుబేదా?"

"రెండు దక్కినాయి" అంది జుబేదా ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "ఒకటి అక్కకు బాడిగకిచ్చినా."