నుదుటికి గురిపెట్టి కాలు చూశారు

జ్వరం ఉందో లేదో చెప్పే థర్మామీటర్ని నేను. చూడ్డానికి పిస్తోలులా ఉంటానని అందరూ నన్ను గన్ అనేవారు. కరోనా మొదటి ఏడాది హడావిడిగా వేలకొద్దీ తయారైనవాటిలో నేనూ ఒకదాన్ని. హైదరాబాద్ శివారులో మందు సీసాలకు లేబుళ్లు అంటించే ఒక కంపెనీ నన్ను కొని, గేటు దగ్గర వాచ్‌మన్ బిక్షపతి చేతికిచ్చింది. నుదుటికి ఎదురుగా పెట్టి మీట నొక్కితే అంకె చూపిస్తాను. నాకు తెలిసిన విద్య అంతే.

ఆ విద్య హెచ్చార్ మేనేజర్ ఫణికుమార్‌కు చాలలేదు. లాక్‌డౌన్ తర్వాత కంపెనీ తెరిచిన రోజే ఒక ఫారం తెచ్చి గేటు దగ్గర పెట్టాడు. జ్వరం, దగ్గు గురించి అడిగితే న్యాయమే. వాటి కింద షుగరుందా, ఆపరేషన్లయ్యాయా, ఏ మందులు వాడుతున్నారు, అంగవైకల్యం ఉందా అని ఇంకో ఇరవై ప్రశ్నలు. ఆయన కారు మాత్రం అద్దమైనా దించకుండా లోపలికి పోయేది. ఆయన నుదురు నేనెన్నడూ ఎరగను.

భూలక్ష్మి అక్కడ పన్నెండేళ్లుగా లేబుళ్లు సరిచూస్తోంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. ఆమెది కూర్చుని చేసే పని. ఆ రోజు ఆమెకు నేను చూపింది తొంభై ఏడున్నర. బిక్షపతి లోపలికి వెళ్లమన్నాడు. ఫారం చదివి ఫణికుమార్ ఆపాడు.

"మీలాంటివాళ్లకు శక్తి తక్కువమ్మా. ఇదంతా సద్దుమణిగేదాకా ఇంట్లో ఉండు. జీతం సంగతి తర్వాత చూద్దాం."

"నాకు జరమున్నదా సార్?"

"జ్వరం కాదు, నీ కాలు..."

"కాలు సంగతి నౌకరిల చేరిననాడే చూసిండ్రు గద. ఇప్పుడు కొత్తగ ఏమైంది?"

నా అద్దం మీద తొంభై ఏడున్నర వెలుగుతూనే ఉంది. ఎవరూ చూడరే! నోరుంటే నేనే అరిచేదాన్ని.

ఆమె అరవలేదు. ఆ ఫారాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని వెనుదిరిగింది. వికలాంగుల హక్కులు చూసే కమిషనర్ ఆఫీసులో అర్జీ పెట్టి, నాలుగు నెలలు దాని వెంటపడింది. చివరికి ఆర్డరు వచ్చింది. అంటురోగం లక్షణాలు అడగొచ్చు, కానీ అందరినీ ఒకేలా అడగాలి. వైకల్యం పేరు చెప్పి ఎవరినీ పనిలోంచి ఆపకూడదు. ఆమెను వెంటనే పనిలోకి తీసుకుని ఆ నాలుగు నెలల జీతమూ ఇవ్వాలి.

తిరిగొచ్చిన రోజు ఫణికుమార్ గేటు దాకా ఎదురొచ్చాడు. "నీ మంచికే కదమ్మా అన్నాను."

"నా మంచేందో నన్నడగాలె గద సార్," అని భూలక్ష్మి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను స్టోర్ గదిలో పాత కంప్యూటర్ల మధ్య పడి ఉన్నాను. బ్యాటరీ ఎప్పుడో పోయింది. మొన్న గుమ్మం అవతల, కొత్తగా చేరిన ఒకమ్మాయి కంపెనీ ఇచ్చిన కాగితం పట్టుకుని భూలక్ష్మి దగ్గర నిలబడింది. చెవికి వినికిడి మిషన్ ఉంది.

"అక్కా, నాకు సరిగ్గ వినబడదని ఇందుల రాయాల్నా?"

భూలక్ష్మి ఆమెకు కనబడేలా మొహం ఎదురుగా పెట్టి, నిదానంగా చెప్పింది. "పని చేసెటందుకు నీకేం కావాల్నో అది రాయి. మిగిలింది చెప్పాల్నా వద్దా అన్నది నీ ఇష్టం."