నాలుగు వైపులా కంచె

ఇటలీ పల్లెల్లో ఏ ఇంటికి ఎన్ని గదులో, ఏ వంటింట్లో ఎన్ని పొయ్యిలో, నంద్యాల పద్మావతీనగర్‌లో రెండో అంతస్తులో కూర్చున్న వందన కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఆమెకు పాస్‌పోర్టు లేదు. రోజూ పొద్దున ఆళ్ళగడ్డలో బస్సెక్కి వస్తుంది, చీకటి పడ్డాక మళ్ళీ అదే దారిన పోతుంది. ఆమె చూసిన ప్రపంచం దాదాపు అంతే.

ఆ ఉద్యోగం ఇలాంటిది. అక్కడ ఊళ్ళకు దూరంగా, ద్రాక్షతోటల నడుమ, ఈతకొలను ఉన్న ఇళ్ళను ఒక కంపెనీ సెలవులకు వచ్చేవాళ్ళకు వారం చొప్పున అద్దెకిస్తుంది. వచ్చినవాళ్ళే వండుకోవాలి, వాళ్ళే తోముకోవాలి. తాళంచెవి చేతికిచ్చే మనిషి కూడా ఉండడు. గోడకు చిన్న ఇనుప పెట్టె ఉంటుంది, నంబరు నొక్కితే తెరుచుకుంటుంది. ఇళ్ళ వివరాలు నింపే పని, వచ్చేవాళ్ళ సందేహాలు తీర్చే పని ఆ కంపెనీ నంద్యాల ప్రవీణ్‌కు అప్పగించింది. ప్రవీణ్ కింద ఎనిమిది మంది. అంత దూరం పోయి మళ్ళీ అంట్లు తోముకోవడం ఏం సంబరమో వందన వాళ్ళమ్మ చెన్నమ్మకు ఇప్పటికీ అంతుబట్టదు. "ఆ మాత్రానికి మనింటికే రాగూడదా, తోమేదానికి శానా ఉండాయి" అంటుంది.

ఒక్కో ఇంటికి అరవై గడులు నింపాలి. ఏసీ ఉందా, ఇస్త్రీపెట్టె ఉందా, కుక్కను తెచ్చుకోవచ్చా, ఇలాంటివి. ఇళ్ళ యజమానులు సగం గడులు ఖాళీగా వదిలేసి ఫొటోలు పంపుతారు. గడి ఖాళీగా ఉంటే ఆ ఇల్లు వెతికేవాళ్ళకు కనిపించదు. యజమానికి రాసి జవాబు కోసం కూర్చుంటే వారం పడుతుంది. అందుకని ప్రవీణ్ మొదటి రోజే చెప్పాడు, "ఫొటోలో కనబడ్తాంది కదమ్మా, చూసి నింపు" అని. ఆ మాటను ఆఫీసంతా వేదంలా పట్టుకుంది. వందనైతే ఆదివారం ప్రసంగాన్ని కూడా అంత శ్రద్ధగా పట్టుకున్న దాఖలా లేదు.

జూలై నెల, శనివారం, సాయంత్రం నాలుగూ యాభై. ఇటలీలో అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. శనివారమంటే అక్కడ ఇళ్ళు మారే రోజు. పాతవాళ్ళు పొద్దున ఖాళీ చేస్తారు, కొత్తవాళ్ళు మధ్యాహ్నం దిగుతారు. ఆ పొద్దున ఖాళీ చేసినవాళ్ళెవరో ఒక ఇంటి గురించి నాలుగు మంచి మాటలు రాసి, ఒక ఫొటో పెట్టారు. ఊదారంగు పూలమొక్కల మధ్య ఒక పెద్దామె నిలబడి నవ్వుతోంది. మొక్కలు ఆమె మోకాళ్ళ దాకా కూడా లేవు. మొక్కకూ మొక్కకూ నడుమ అడుగున్నర ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి వెనక నీలం నీళ్ళు కనిపిస్తున్నాయి.

వందన ఆ ఇంటిని గుర్తుపట్టింది. నోటి దాకా తెచ్చిన టీ గ్లాసును తాగకుండానే కింద పెట్టింది.

ఆర్నెల్ల కిందట ఈ ఇంటి గడులు నింపింది తనే. యజమాని పంపిన ఫొటో నేలబారున తీసింది. అందులో కొలను చుట్టూ బూడిదరంగు ఆకులు, పైకి పొడుచుకొచ్చిన మొనలు, సందు లేకుండా దట్టంగా కనిపించాయి. వందన కళ్ళకు అవి కిత్తనార మొక్కల్లా తోచాయి. ఆమె నాన్న అబ్రహాము చేలో బావికి గోడ లేదు, చుట్టూ కిత్తనార కంచె ఉంది. ఆ ఆకుల చివరి ముళ్ళకు జడిసి మేక కూడా దూరదు, ఇక పిల్లల మాట చెప్పేదేముంది. ఆమె పుట్టి పెరిగిన చోట నీళ్ళ చుట్టూ మొక్కలు నాటారంటే అది కాపలా కోసమే, అందం కోసం కాదు. వేరే ఆలోచనే రాలేదామెకు. 'కొలనుకు కంచె ఉందా' అన్న గడిలో టిక్కు పెట్టి తరువాతి గడికి పోయింది.

తీరా చూస్తే అవి ముళ్ళూ కావు, కంచే కాదు. వాసన కోసం పెంచుకునే మెత్తటి పూలమొక్కలు. రెండేళ్ళ పిల్లాడు నవ్వుకుంటూ దాటిపోతాడు.

రెండేళ్ళ పిల్లాడు అన్న మాట ఊరికే తట్టలేదు. ఎక్కడో చదివింది. ఈ వారం ఆ ఇంట్లో ఎవరు దిగుతున్నారో తీసి చూసింది. జెస్సికా. ఆళ్ళగడ్డలో వాళ్ళ పిన్నమ్మ పేరూ అదే కాబట్టి ఈమె గుర్తుండిపోయింది. ఇంగ్లండు నుంచి భర్తతో, పిల్లాడితో వస్తోంది. మే నెలలో మూడుసార్లు అడిగింది. "కొలనుకు కంచె ఉందా? మావాడికి రెండేళ్ళు. తలుపు తీస్తే చాలు, పరుగే" అని. దాని కింద వందన రాసిన జవాబు అలాగే ఉంది. "ఉందండీ, నాలుగు వైపులా ఉంది. నిశ్చింతగా రండి." ఆ చివరి మాట రాయమని ఎవరూ చెప్పలేదు. మంచితనం కొద్దీ తనే తగిలించింది.

వందన జెస్సికా నంబరు తీసింది. ఫోన్ చేసింది. ఆ నంబరు అందుబాటులో లేదని ఏదో భాషలో ఒక గొంతు చెప్పింది. కొండదారిలో ఉన్నారేమో. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే గొంతు. ఇల్లు శుభ్రం చేసే పెద్దావిడ నంబరుకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అన్నం తిని నడుం వాల్చే వేళ అది, ఆ దేశంలోనూ.

"ప్రవీణన్నా, ఒకసారి రా అన్నా."

ప్రవీణ్ వచ్చి తెర మీదికి వంగాడు. ఆ ఫొటో, ఈ ఫొటో, మే నెల జవాబు, అన్నీ చూపించింది. అతను చురుకైన మనిషి, రెండోసారి చెప్పించుకోలేదు.

"టిక్కు పెట్టిందెవరు?"

"నేనే అన్నా. ఫొటో చూసి పెట్టినా."

ప్రవీణ్ నిటారుగా లేచి నిలబడ్డాడు. ఫొటో చూసి నింపమన్నది ఎవరో ఇద్దరికీ తెలుసు.

"సరే. ముందు ఆ టిక్కు తీసెయ్. పిల్లోళ్ళను పెద్దోళ్ళు కనిపెట్టుకోవాలని ఒక మెసేజ్ కొట్టు. మిగతాది ఆ ఇంటాయప్ప చూసుకుంటాడు. అట్లా ఫొటో పంపింది ఆయప్పే కదా."

"ఆమె మూడుసార్లు అడిగిందన్నా. ఉందని నేనే రాసిచ్చినా. ఇప్పుడు మెసేజ్ యాడ చూస్తాది? సామాన్లు దించుకుంటా ఉంటాది."

"ఫోన్ చేసి ఏం చెప్తావు మరి? మేం లేనిది రాసినామనా?" ప్రవీణ్ గొంతు తగ్గించాడు. "రెండు కంప్లైంట్లు అయిపోయినాయి. మూడోది వస్తే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని రాసినారు కంపెనీవాళ్ళు. ఈడ ఎనిమిది మంది బతుకుతాండారు. నీ ఒక్కదాని సంగతి కాదిది."

అది బెదిరింపు కాదు, ఉన్న మాటే. వెనక వరుసల్లో తలలు వంచుకుని పని చేస్తున్నట్టు నటిస్తున్న ఏడుగురినీ వందన చూసింది. వాళ్ళలో సంధ్యను ఇక్కడ చేర్పించింది తనే. ఆర్నెల్ల కిందట ఒక్క గడిలో పెట్టిన టిక్కు ఇప్పుడు ఆమెను అడకత్తెరలో పోకచెక్కను చేసింది.

"పిల్లోడు నీళ్ళల్లో పడితే?"

"పడడులే. అమ్మానాయనా ఉండరా ఆడ?"

"కంచె ఉందని నమ్మినోళ్ళు ఎందుకు చూస్తారన్నా?"

అదే సమయానికి తెర మూలన ఒక పచ్చచుక్క వెలిగింది. గోడకున్న తాళం పెట్టెను మన టైము 5.12కు తెరిచినట్టు దాని పక్కన రాసి ఉంది. వాళ్ళు దిగారు.

వందన మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి మోగింది. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఆ ఇంటి నక్షా మొత్తం ఆమె తలలో ఉంది. ముందు గది, దాని వెనక వంటిల్లు, వంటింటికి పెద్ద అద్దం తలుపు, తలుపు దాటితే గడ్డి, గడ్డి చివర కొలను. తలుపు నుంచి నీళ్ళకు ఇరవై అడుగులు. ఈ వివరం కూడా ఒక గడిలో తనే నింపింది.

తెర మీద ఒక మెసేజ్ వచ్చింది. జెస్సికా పంపింది. "వచ్చేశాం. ఇల్లు ఎంత బాగుందో. గాలి ఆడాలని తలుపులన్నీ తెరిచేశాం."

"వందనా, బాగా ఆలోచించుకో" అన్నాడు ప్రవీణ్.

"ఆలోచించినా" అని ఆమె మళ్ళీ నంబరు నొక్కింది.

రెండో మోతకే ఎత్తింది జెస్సికా. గొంతులో నవ్వు ఉంది. ఏవో సంచులు విప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. వందన పలకరింపులన్నీ మింగేసింది.

"మీ బాబు ఎక్కడున్నాడండీ?"

"బయట ఆడుకుంటున్నాడు. మావారు కారులోంచి పెట్టెలు దించుతున్నారు. ఏం, కంచె ఉందిగా..."

"కంచె లేదండీ. అవి పూలమొక్కలే. వెంటనే వెళ్ళండి, వెంటనే."

ఫోన్ దేని మీదో పడిన చప్పుడైంది. పరుగెత్తే అడుగులు వినిపించాయి. తరువాత ఒక పేరు, పిలుపు. మళ్ళీ అదే పేరు, ఇంకా దూరంగా, ఇంకా గట్టిగా. ఆ తరువాత ఏమీ లేదు. కీచురాళ్ళలాంటి పురుగుల రొద మాత్రం వస్తోంది. వందన ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకుంది. చెమటకు అది జారిపోతోంది. ప్రార్థన చేద్దామని "ప్రభువా" అంది. తరువాతి మాట రాలేదు. చిన్నప్పటి నుంచి నేర్చిన ప్రార్థనల్లో ఒక్కటీ నోటికి రాలేదు. సంధ్య ఎప్పుడు లేచి వచ్చిందో వందన కుర్చీ పట్టుకుని నిలబడింది. ప్రవీణ్ కూర్చోలేక, నడవలేక గోడకానుకున్నాడు.

మగమనిషి కేక ఒకటి వినిపించింది. నీళ్ళు చెదిరిన చప్పుడైంది. ఆ వెనకే ఏడుపు, గొంతు నిండా, రోషంగా, ఆడుకునేదాన్ని ఎవరో లాక్కుంటే పిల్లాడు ఏడ్చే ఏడుపు. వందన తలను బల్ల మీద ఆనించేసింది. ఇంతకంటే మంచి చప్పుడు తను పుట్టాక వినలేదనిపించింది.

చాలాసేపటికి జెస్సికా ఫోన్ దగ్గరికి వచ్చింది. రొప్పుతోంది.

"మొదటి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. నడుము దాకా నీళ్ళలో. కింది మెట్టుకు కాలు పెడుతున్నాడు." ఆగింది. గొంతు మారింది. "కంచె ఉందని నాకు ఎవరు చెప్పారు?"

ప్రవీణ్ ఒక కాగితం మీద గబగబా ఏదో రాసి ఆమె ముందు పెట్టాడు. ఇంటి ఓనరు తప్పని చెప్పు, అని ఉంది. ఎవరూ కాదనలేని జవాబు అది. వందన కాగితాన్ని చదివింది, సంధ్య ముఖం చూసింది.

"నేనే చెప్పానండి. ఆ ఇల్లు నేనెన్నడూ చూడలేదు. ఫొటోలో మొక్కల్ని చూసి కంచె అనుకున్నాను. తెలిసినట్టు రాశాను. తప్పు నాది."

అవతల పిల్లాడు ఇంకా వెక్కుతున్నాడు.

"నిశ్చింతగా రమ్మన్నావు" అంది జెస్సికా. అరవలేదు, తిట్టలేదు. ఫోన్ పెట్టేసింది.

తిట్టినా బాగుండేది. వందన ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంధ్య నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టింది. ప్రవీణ్ కాగితాన్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేశాడు.

"సోమవారానికి కంపెనీ మెయిల్ వస్తాది" అన్నాడు. కోపంగా అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. "ఈ పొద్దుకు ఇంటికి పోమ్మా. బస్సుంటాది."

వందన కళ్ళు తుడుచుకుంది. లేవలేదు. ఇళ్ళ జాబితా తెరిచి ఏదో వెతికింది.

"ఏం చేస్తాండావ్ ఇంకా?"

"కంచె గడిలో నేను టిక్కు పెట్టిన ఇండ్లు ఇంకా పద్నాలుగు ఉండాయన్నా. అన్నీ ఫొటోలు చూసే పెట్టినా."

ప్రవీణ్ గోడ గడియారం వైపు చూశాడు. ఇటలీలో రెండు గంటలు కావస్తోంది. దారిలో ఉన్నవాళ్ళు ఉన్నారు, దిగినవాళ్ళు దిగే ఉంటారు.

"ఈ పొద్దు దిగేటివి ఎన్ని?"

"తొమ్మిది."

"చిన్నపిల్లోళ్ళు ఉండేటివి?"

"ఆరు."

ప్రవీణ్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. ఎనిమిది కుర్చీల వైపు ఒకసారి చూశాడు. తరువాత పక్క బల్ల దగ్గరి కుర్చీ లాక్కుని, ఇయర్‌ఫోన్ తగిలించుకున్నాడు.

"నంబర్లు చెప్పు. మూడు నేను చేస్తా."

వందన మొదటి నంబరు నొక్కింది. నాలుగో మోతకు ఎత్తారు. మగగొంతు, హుషారుగా ఉంది. ఆ గొంతు వెనక నీళ్ళ చప్పుడు, పిల్లల కేరింతలు.

"సార్, ముందు మీ పిల్లల్ని నీళ్ళ దగ్గర్నుంచి లోపలికి పిలవండి" అంది వందన. "నేనెవరో, ఏం తప్పు చేశానో తరువాత చెప్తాను."